ఏడో స్టాపు

మొన్న శనివారం పొద్దున్న ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే ఫోన్ టింగుమంది. మా వీధిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మెసేజ్. వరంగల్ పిల్ల. బర్మింగ్‌హామ్‌లోనే మాస్టర్స్ చేసి, ఇక్కడే ఉద్యోగం వెతుక్కుని, ఈమధ్యే పెళ్లి చేసుకుంది.

"అక్కా, వచ్చే నెల మేమిద్దరం స్పెయిన్ పోతున్నం. కోర్డోబాల రెండు రోజులు ఉంటం. బస్సు అంకుల్ రాసిచ్చిన లిస్టు మీ దగ్గర ఉందని చెప్పిన్రు. జర ఫొటో తీసి పంపరా?"

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. బస్సు అంకుల్ పోయి నాలుగు నెలలు. ఆ లిస్టు ఎక్కడుందో నాకు బాగా తెలుసు. మేడమీద గదిలో నీలం ట్రావెల్ బ్యాగు, దాని లోపలి జేబులో. తేలు దూరిన చెప్పులో ఎవరైనా కాలు పెడతారా? అలాగే నేను మూడేళ్లుగా ఆ బ్యాగు జోలికి పోలేదు. మా ఆయన అడిగితే జిప్పు పాడైందని చెప్పాను. జిప్పు నిక్షేపంలా ఉంది.

బస్సు అంకుల్ పేరు నేను రాయను. ఈ కథ పక్కన ఆ పేరు ఉండటం నాకిష్టం లేదు. అనంతపురం వైపు మనిషి. ఎప్పుడో కుర్రతనంలో ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా ఈ ఊళ్లో సిటీ బస్సు నడిపారు. బస్సు వదిలేసినా బస్సు ఆయన్ని వదల్లేదు. కుర్చీలోంచి లేచే ముందు భుజం మీదుగా ఓసారి వెనక్కి చూసుకునేవారు. ఎవరి కారెక్కినా ముందు సీట్లోనే కూర్చుని, సిగ్నల్ దగ్గర కుడికాలితో లేని బ్రేకు తొక్కేవారు. వాళ్లింటికి వెళ్లినవాళ్లు బయల్దేరితే గుమ్మంలో నిలబడి రోడ్డుకి అటూ ఇటూ చూసి, తలుపు మీద రెండుసార్లు తట్టి, "రైట్, రైట్" అనేవారు. ఆ తర్వాతే కదలాలి. ముందే కదిలితే నొచ్చుకునేవారు.

ఎవరు ఏ దేశం విహారానికి బయల్దేరినా ముందు ఆయన దగ్గరికి వెళ్లి లిస్టు రాయించుకోవడం మా తెలుగువాళ్లలో ఆనవాయితీ అయిపోయింది. లైబ్రరీ పుస్తకాలు తిరగేసి, వెళ్లొచ్చినవాళ్లను గుచ్చి గుచ్చి అడిగి, ఊరిని ఒక బస్సు రూటులా రాసేవారు. ఫస్టు స్టాపు, రెండో స్టాపు, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఎక్కడ నీడ, ఎక్కడ బాత్రూమ్, అన్నీ. తాను మాత్రం ఆ ఊళ్లు ఒక్కటీ చూడలేదు. ఆయన భార్యకి, మా ఆంటీకి, పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట సగం పోయింది. ముందుగదిలో ఆసుపత్రి మంచం వేశారు. ఆమెను చూసుకోవడానికి కౌన్సిల్ పంపే కేరర్లు రోజుకి నాలుగుసార్లు వచ్చేవాళ్లు, ఎవరు ఎప్పుడొస్తారో రాసిన రోటా ఫ్రిజ్ తలుపు మీద ఉండేది. ఎంతమంది ఉన్నా ఆమెను ఒక్కరాత్రి కూడా వదిలి ఆయన ఎక్కడికీ వెళ్లేవారు కాదు.

లిస్టుకి ఆయన అడిగేది ఒకటే. తిరిగొచ్చిన వారంలోపు వాళ్లింటికి వచ్చి, ఆంటీ మంచం పక్కన కూర్చుని, చూసిందంతా చెప్పాలి. "మ్యాగ్నెట్లు వద్దు మ్మా, మాటలు తెండి" అనేవారు. "ఊరికి పోయినోడు రెండుసార్లు పోవాల. ఒగసారి కాళ్లతో, ఒగసారి నోటితో." ఎవరైనా రాగానే లోపలికి కేక వేసేవారు. "ఏమే, పారిస్ బస్సు వచ్చింది!" ఆ వచ్చినవాళ్లకి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆయనే చేసేవారు. బొరుగులు సరిగ్గా ఎంతసేపు నానాలో గడియారం చూసి మరీ చేసేవారు.

మూడేళ్ల క్రితం ఆగస్టులో మేం కోర్డోబా వెళ్తున్నామని చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. నన్ను వంటగదిలోకి తీసుకెళ్లి గోడమీద క్యాలెండర్ చూపించారు. ఏదో ట్రావెల్ షాపు వాళ్లు ఇచ్చింది, ఎన్నేళ్ల నాటిదో. ఆ పేజీ దాటి తిప్పలేదు. నది ఒడ్డున పాత రాతికట్టడం, దాన్ని ఆనుకుని ఇంత పెద్ద చెక్కచక్రం.

"ఇది మీ ఆంటీకి ఇష్టం. కాలు చెయ్యి బాగుండంగానే అనేది, మా నాయన చేన్లో కపిల గిలక మాదిరి ఉండాది, పోయి చూసొస్తాం అని. యాడిది, దానికీ దీనికీ సంబంధమే ల్యా. అది బాయిలో నీళ్లు తోడేకి ఎద్దులు లాగేది, ఇది ఏటి నీళ్లు తిప్పేది. చెప్తే ఇంటుందా?" అని నవ్వారు. "నేనే రేపు, మాపు అంటా వచ్చినా. అంతలోకి ఇట్లయిపాయ."

లిస్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. డ్యూటీ కార్డులా మెడలో వేసుకోవడమే తక్కువ. "ఏడో స్టాపు మర్చిపోవాకండి మ్మా. చక్రం. వెనక రాసినా."

"అయ్యో, మర్చిపోతామా అంకుల్" అన్నాను. నేను ఎప్పుడూ అలాగే అంటాను. మాట ఇవ్వడంలో నన్ను మించినవాళ్లు లేరు.

కోర్డోబాలో ఆ రోజు ఎండ మన రోహిణి కార్తెకి పెద్దక్కలా ఉంది. మొదటి నాలుగు స్టాపులూ బుద్ధిగానే చేశాం. పొద్దున్నే వెళ్లమన్నారని ఎనిమిదిన్నరకే ఆ మహా మసీదులోకి వెళ్లాం. ఎర్రా తెల్లా కమాన్లు, ఎంతదూరం చూసినా స్తంభాలే. మసీదు మధ్యలో చర్చి కట్టుకున్నారు. "స్తంభాలు లెక్కపెట్టొద్దు. ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడండి, చల్లగా ఉంటుంది" అని రాశారు. ఉంది. ముంగిట్లో నారింజ చెట్లు. "కాయ కోయొద్దు, చేదు" అని రాశారు. మా ఆయన కోసి నాకి చూసి ఉమ్మేశారు. పూలకుండీల సందులో చివరిదాకా నడిచి వెనక్కి తిరిగితే గోడల మధ్యలో గంటల గోపురం ఫొటోకి చక్కగా కుదురుతుందన్నారు, కుదిరింది. పాత యూదుల పేటలో ఒక పండితుడి విగ్రహం ఉంటే దాని పాదం అందరూ తాకి తాకి మెరిసిపోతోంది, మా అమ్మాయి కూడా తాకింది. ఐదో స్టాపు భోజనం. చల్లటి టమాటా సూపు. "వేడి చేయమని అడగొద్దు, నవ్వుతారు. మీద మాంసం వద్దని ముందే చెప్పండి" అని రాశారు. మేం ముందే చెప్పలేదు.

ఆరో స్టాపు రోమన్ల కాలం నాటి వంతెన. సాయంత్రం వెళ్లమని రాస్తే మేం మిట్టమధ్యాహ్నం రెండున్నరకి వెళ్లాం. పట్టుమని ఇరవై అడుగులు వేశామో లేదో మా అమ్మాయి కూలబడింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. "మమ్, ఇట్స్ బాయిలింగ్. కెన్ వీ జస్ట్ గో?"

ఎడమచేతి వైపు నదికి తిరిగి ఒక సెల్ఫీ తీసుకున్నాం. "ఇంకోటేదో ఉందన్నాడుగా ఆయన?" అన్నారు మా ఆయన. "ఉందిలే, ఏదో చక్రం. చక్రమేగా" అన్నాను. హోటల్‌కి పోయి ఏసీ వేసుకుని పడుకున్నాం. సాయంత్రం లేచి చెప్పుల షాపులకి తిరిగాం. నాలుగు జతలు కొన్నాను. ఆ వంతెన మీద ఎడమకి బదులు కుడివైపు తల తిప్పి ఉంటే చక్రం కనిపించేదట. తర్వాత మ్యాపులో చూశాను. తల తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

తిరిగొచ్చిన వారానికి వాళ్లింటికి వెళ్లాం. "ఏమే, కోర్డోబా బస్సు వచ్చింది!" అని కేక. ఆంటీ తలకింద ఇంకో దిండు పెట్టి కూర్చోబెట్టారు. నేను కథ చెప్పడంలో దిట్టని. స్తంభాలు, నారింజలు, మా ఆయన ఉమ్మడం, అన్నీ అభినయించి చెప్పాను. ఆంటీ సగం నోటితో నవ్వింది. అంకుల్ ఒక్కో స్టాపుకి మంచం పట్టీ మీద వేలితో తట్టారు. ఆరు తట్లు అయ్యాయి.

"ఏడో స్టాపు?"

మా ఆయన టీ కప్పులోకి చూశారు. వెళ్లలేదు అంకుల్, ఎండకి పాప తట్టుకోలేకపోయింది, అంటే సరిపోయేది. ఆయన ఏమీ అనేవారు కాదు. అయినా ఆ గదిలో నా ప్రదర్శన అంత బాగా నడుస్తోంది, దాన్ని పాడుచేసుకోవడం నాకిష్టం లేకపోయింది. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది, లేదు.

"చూశాం అంకుల్!"

"తిరుగుతాందా?"

చక్రమన్నాక తిరగదా? "గిర్రున తిరుగుతోంది అంకుల్! నీళ్లు ఇలా పైకి తోడుతూ..."

ఆయన లేచి నిలబడ్డారు. భుజం మీదుగా వెనక్కి చూసుకోకుండా లేవడం అదొక్కసారే చూశాను. ఆంటీ ఎడమచెయ్యి పట్టుకుని, "ఇన్నావా? తిరుగుతాందంట! తిరుగుతాందంటే!" అన్నారు. పెద్దవాళ్లు చిన్నవాటికే పొంగిపోతారు అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఆంటీ పెదవులు కూడదీసుకుంది. "స... సద్దు?"

"చక్రం సద్దు ఎట్లుండాదని అడుగుతాంది. ఫోన్లో ఏమన్నా పట్టినావా తల్లీ?"

"ఆ, ఉంది అంకుల్. పంపిస్తాను."

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు. కార్లో కూర్చోగానే విరుచుకుపడ్డారు. "నీకేమైనా మతి పోయిందా? ఏ సద్దు పంపిస్తావ్ ఇప్పుడు?"

"నీటిచక్రం చప్పుడు ఎక్కడైనా ఒకటేలెండి" అన్నాను.

మర్నాడు ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కన నిలబడి ఇంటర్నెట్‌లో వెతికాను. నీళ్లు తోడే పాతకాలం చక్రం చప్పుడు. మొదట దొరికిన దాంట్లోంచి అర నిమిషం కత్తిరించి, బొమ్మ తీసేసి, శబ్దం మాత్రం పంపాను. కాఫీ మెషీన్ రొదలో సరిగ్గా వినను కూడా లేదు. కిర్రుకిర్రుమంది, నీళ్లు పడ్డాయి, చాలనుకున్నాను. సాయంత్రం ఆయన వాయిస్ మెసేజ్. "ఇన్నాం తల్లీ. ఆమెకి శానా బాగుంది. మళ్లా పెట్టు, మళ్లా పెట్టు అంటాంది. నీ మేలు మర్చిపోం." అందులో ఒకచోట కాసేపు ఆగారు. ఫోన్ సిగ్నల్ అనుకున్నాను.

మూడు నెలల తర్వాత దీపావళి స్వీట్లు ఇవ్వడానికి వెళ్లాను. గుమ్మంలో ఉండగానే లోపలి నుంచి వినిపించింది, నేను పంపిందే, పెద్ద స్పీకర్లో. కిర్రు... కిర్రు... దాని వెనకాల, స్పష్టంగా, ఘల్లు ఘల్లుమని గంటలు. ఎద్దుల మెడలో గంటలు. ఎవరో మగమనిషి నాలుకతో టక్కుటక్కుమని ఎద్దుల్ని అదిలిస్తున్నాడు కూడా.

అది నీళ్లు తిప్పే చక్రం, ఎద్దులు లాగేది కాదని వంటగదిలో నిలబెట్టి చెప్పిందెవరు? ఆయనే.

ఆంటీ కళ్లు మూసుకుని ఉంది. బాగున్న చేతి వేళ్లు దుప్పటి మీద గంటలకి తాళం వేస్తున్నాయి. అంకుల్ తలుపు దగ్గర నన్ను చూశారు. నా మొహంలో ఏముందో ఆయనకి కనిపించే ఉంటుంది. పెదవుల మీద వేలు పెట్టారు. ఉష్, అని. ఆపొద్దు, ఆమె వింటోంది, అని. స్వీట్ల డబ్బా తీసుకుని, గుమ్మం దాకా వచ్చి, తలుపు మీద రెండుసార్లు తట్టారు. "రైట్, రైట్."

ఆ సంక్రాంతి దాటగానే ఆంటీ పోయింది. క్రెమటోరియమ్‌లో పాటలవీ పెట్టలేదు. అర నిమిషం ఆ చప్పుడు పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లకి ఏమిటో తెలియలేదు. పక్కన నిలబడ్డ ఒకావిడ, "వాళ్ల ఊరిదేమో పాపం" అని కళ్లు తుడుచుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన రోజూ పాసు పట్టుకుని బస్సుల్లో తిరిగేవారు. పని ఉండి కాదు. ఒకరోజు ఆఫీసుకి వెళ్తుంటే డ్రైవర్ వెనక సీట్లో కనిపించారు. పక్కన కూర్చోక తప్పలేదు. ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చింది అనేశాను.

"ఇప్పుడైనా మీరు కోర్డోబా వెళ్లి రండి అంకుల్."

"పోయొచ్చి ఎవురికి చెప్పేకి మ్మా?"

బస్సు రెండు స్టాపులు దాటింది. ఆయన కిటికీలోంచి చూస్తూ మెల్లిగా అన్నారు. "ఆ గంటలు మాత్రం బాగుండాయి తల్లీ. ఎవురి ఎద్దులో ఏమో. కడదాకా వాళ్ల నాయన చేన్లోనే ఉండాననుకుంది."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికి చూశాను, ఉంటే బాగుండు అని. నన్ను ఒక మాట అని ఉంటే నేనూ ఒక మాట అనగలిగేదాన్ని. క్షమించండి అంకుల్, అబద్ధం చెప్పాను, అనడానికి ఆయన తలుపు బార్లా తెరిచి పెట్టారు. గంట కొట్టి ఆపి మరీ పెట్టారు.

"నా స్టాప్ వచ్చింది అంకుల్" అన్నాను.

రాలేదు. ఇంకా రెండు స్టాపులున్నాయి. రూటులో ప్రతి స్టాపూ అరచేతి గీతలా తెలిసిన మనిషికి ఆ మాట చెప్పి, మీట నొక్కి, దిగిపోయాను. వానలో నిలబడితే బస్సు నా ముందునుంచే వెళ్లింది. ఆయన కిటికీ అద్దం మీద రెండుసార్లు తట్టారు. తర్వాత ఆ బస్సెక్కడం, వాళ్ల వీధివైపు వెళ్లడం మానుకున్నాను. పెద్ద షాపుకి కూడా చుట్టుదారిలో పోయేదాన్ని. మొన్న చలికాలంలో ఆయన పోయారని గ్రూపులో మెసేజ్ వస్తే, ఛీ, నా బతుకు, ముందు నాకనిపించింది ఏమిటో తెలుసా? ఇక ఆ బస్సు నిర్భయంగా ఎక్కొచ్చు అని.

ఇడ్లీలు పొయ్యి మీద వదిలేసి మేడమీదికి వెళ్లాను. నీలం బ్యాగు జిప్పు ఒక్క లాగుడుకి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో ఆరు స్టాపులూ ఆయన గుండ్రటి అక్షరాలతో. వెనకవైపు మా బోర్డింగ్ పాసులు. వెళ్లేటప్పుడు నేనే దోపాను, అవి ఇప్పటికీ కాగితానికి అతుక్కుని ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి వెనక ఏముందో చూడలేదు. మెల్లిగా ఊడదీశాను.

"ఏడో స్టాపు. నది ఒడ్డు చక్రం. ఇది తిరగదు. రాణిగారికి దీని సద్దుకి నిద్ర పట్టలేదని ఎప్పుడో పీకించినారంట. ఇప్పుడుండేది మళ్లా చేసిపెట్టింది, ఊరికే నిలబడి ఉంటుంది. పోయొచ్చినోళ్లందరినీ అడిగినా. తిరగలేదనే చెప్పినారు. ఎప్పుడన్నా బాగు చేస్తారేమో. తిరుగుతా ఉంటే నాకు తప్పకుండా చెప్పండి, మా ఇంట్లో ఆమె కాసుకోని ఉండాది. తిరగకపోయినా ఐదు నిమిషాలు నిలబడండి."

మంచం మీద కూర్చుండిపోయాను. అందుకా ఆయన లేచి నిలబడింది! ఎంతమందిని అడిగారో, ఎన్నిసార్లు తిరగలేదని విన్నారో, చివరికి నేను తిరుగుతోందన్నాను. గిర్రున అన్నాను. మర్నాడు గంటలు వినగానే ఆయనకి రెండూ ఒకేసారి తెలిసి ఉంటాయి, నేను చక్రం దగ్గరికి పోలేదని, ఆయన రాసిన కాగితం తిప్పి కూడా చూడలేదని. అయినా నీ మేలు మర్చిపోం అన్నారు. మెసేజ్ మధ్యలో ఆగింది సిగ్నల్ కాదు.

కింద ఇడ్లీలు మాడిన వాసన వచ్చాక లేచాను. రెండువైపులా ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"థాంక్స్ అక్కా, మస్తు రాసిండ్రు అంకుల్! గానీ గా చక్రం తిరుగుతలేదని రాసిండ్రు. మీరు పోయొచ్చిన్రు కదా, నిజంగనే తిరుగుతలేదా?"

నోటి దాకా ఏదో వచ్చింది. ఎప్పటిలాగే, సులువుగా. మింగేశాను.

"నాకు తెలీదమ్మా. నేను అక్కడిదాకా వెళ్లలేదు. చూశానని అంకుల్‌తో అబద్ధం చెప్పాను. తిరుగుతోందని చెప్పాను."

"అంకుల్‌కు తెలిసిందా అక్కా?"

"తెలిసింది."

"ఏమనలే?"

"గంటలు బాగున్నాయన్నారు."

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఏం గంటలక్కా, అంది. వెళ్లేలోపు ఒకసారి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంటికి రండి, మొదట్నుంచీ చెబుతాను అన్నాను. చెప్పేటప్పుడు మా ఆయన్ని కూడా గదిలో ఉండమనాలి, నేను ఎక్కడైనా కాస్త బాగా చెప్పబోతే కాలు తొక్కడానికి.